మతీన్ సమ్మెలో, మిషన్లు డ్యూటీలో

సిద్దిపేటలో మతీన్ ఉద్యోగం చేస్తున్నాడన్న సంగతి అతను ఉద్యోగం ఆపిన రోజునే లోకానికి తెలిసింది. అప్పటిదాకా అతను పాత బస్టాండు వెనుక గల్లీలో, తండ్రి దస్తగిర్ నడిపే టెంట్ హౌస్ మీది గదిలో, బనీనుతో లాప్‌టాప్ ముందు కూర్చునే ఒక బేకారు. "ఇంజినీరింగ్ సదివి ఇంట్ల గూసున్నడు పాపం" అని గల్లీ తీర్పు చెప్పింది. వాదన వినకుండా, సాక్ష్యం చూడకుండా ఇచ్చిన తీర్పు కనుక దాన్ని ఇక్కడే కొట్టివేస్తున్నాను.

అతని పని ఇది. హైదరాబాదులో ఒక కంపెనీ ప్రైవేటు బస్సుల టికెట్లను ఇంటర్నెట్‌లో అమ్ముతుంది. ఆ వెబ్‌సైటును నడపడానికి కంప్యూటర్లు కావాలి. కంపెనీకి సొంత కంప్యూటర్లు లేవు. సింగపూర్‌లో వేల యంత్రాలు పెట్టుకున్న ఒక పెద్ద సంస్థ నుంచి గంటల లెక్కన కిరాయికి తెచ్చుకుంటుంది. దీన్నే క్లౌడ్ అంటారు. మామూలు రోజుల్లో నాలుగు మిషన్లు చాలు. పండుగలకు జనం ఎగబడితే ఆ నాలుగు ఎనిమిది కావాలి, ఎనిమిది పన్నెండు కావాలి. అలా కొత్త మిషన్లను నిలబెట్టడం, జనం తగ్గాక తీసివేయడం మతీన్ పని. అవి ఇనుప పెట్టెలు కావు, వర్చువల్ మిషన్లు. ఒక పెద్ద యంత్రంలో చిన్న వాటా తీసుకొని, తానే పూర్తి యంత్రమని నమ్ముతూ పనిచేసే ఏర్పాటు. పేరుకు సంపూర్ణం, తాళంచెవి పరాయివాడి దగ్గర. ఉమ్మడి రాష్ట్రంలో యాభై ఐదేళ్ళుగా మన వాటా కూడా సరిగ్గా అలాగే ఉంది గనుక, క్లౌడ్ నాకు తొందరగానే అర్థమైంది.

దస్తగిర్‌కు అంతకన్నా తొందరగా అర్థమైంది.

"నువ్వు జేసేది నా ధందానే గదరా," అన్నాడు కొడుకుతో. "పెండ్లికి మంది ఎక్కువొస్తే నేను కుర్చీలు పంపుత, నువ్వు మిషన్లు పంపుతవు. నా కుర్చీల మీద కూసుంటరు. నీ మిషన్ల కాడ ఏం జేస్తరు?"

"లైన్ల నిలవడి టికెట్ తీసుకుంటరు అబ్బా."

"గట్లయితే నాదే నయం."

దస్తగిర్ వ్యాపారానికి ఒక స్మృతి ఉంది. కిరాయికి వచ్చినవాడు చెప్పిన లెక్కను ఎన్నడూ నమ్మకూడదు. వంద కుర్చీలు అడిగితే ఇంకో ఇరవై బండిలో వేయాలి. మేజ్బాను, అంటే దావత్ ఇచ్చే ఇంటి పెద్ద, తన నోటితో "ఇగ విప్పుండ్రి" అనేదాకా శామియానా తాడు ముట్టకూడదు. ముడితే ఆ ఇంటికి అశుభం, ఈ ఇంటికి గిరాకీ నష్టం. భోజనాల బంతిలో కూర్చున్నవాణ్ణి, ఆకాశం విరిగి పడినా, తిని లేచేదాకా లేపకూడదు.

మతీన్ కాలేజీలో చదివింది కంప్యూటర్ శాస్త్రమే కానీ, నమ్మింది ఈ స్మృతినే. జనం పెరిగితే కొత్త మిషన్లు వాటంతటవే నిలబడాలని, అవసరానికి రెండు ఎక్కువే నిలబడాలని అతనొక నియమం రాసి పెట్టాడు. తీసివేతకు మాత్రం నియమం రాయలేదు. పెంచే నియమం పక్కనే తగ్గించే నియమం కూడా రాయాలని ఆ శాస్త్రపు పెద్దలందరూ చెప్పారు; అది మతీన్‌కు తెలుసు. కానీ పెద్దమనిషి నోటి మాట లేకుండా టెంట్ విప్పడానికి అతనికి చెయ్యి రాలేదు. జనం తగ్గారో లేదో తానే చూసి, తానే ఒక్కొక్కటిగా తీసేవాడు. ఈ కథలోని అనర్థమంతా ఆ మర్యాదలోంచే పుట్టింది.

రెండు వేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బడులు, కచేరీలు, ఆర్టీసీ బస్సులు, బొగ్గు బావులు ఆగిపోయాయి. ఒక ప్రజ మొత్తం చేతులు ముడుచుకుంటే తప్ప తన ఉనికిని గుర్తించని ప్రభుత్వం గురించి నాకున్న అభిప్రాయాన్ని ఇక్కడ రాస్తే ఈ రచన మరొక సెక్షను కిందికి పోతుంది గనుక రాయను. సిద్దిపేటలో మా శిబిరం పాత బస్టాండు దగ్గర ఉండేది. దాని మీది శామియానా దస్తగిర్‌ది. ఉద్యమం రాజుకున్న రెండు వేల తొమ్మిది డిసెంబరులో వేశాడు. కిరాయి అడగలేదు, విప్పనూ లేదు. మొదట ఎర్రగా ఉండేది. రెండు ఎండాకాలాలకు వెలిసి గులాబీ రంగుకు వచ్చింది. దీని వెనుక ఏ పార్టీ ఉద్దేశమూ లేదని దస్తగిర్ అడిగినవాళ్ళకూ, అడగనివాళ్ళకూ చెప్పేవాడు.

ఆ శిబిరంలో మేము ఒక ఆచారం పెట్టుకున్నాం. సమ్మెలోకి వచ్చే ప్రతి మనిషీ తన పనిముట్టును చాప మీద దించి, పేరూ పనీ చెప్పి, సమ్మె ముగిసేదాకా దాన్ని ముట్టనని పదిమందిలో మాట ఇవ్వాలి. కత్తెర, బాడిశ, సుత్తె, సుద్దముక్క అన్నీ అలా చాప మీదికి వచ్చాయి. నేను నా నల్లకోటు పెట్టాను. ఒకరోజు మతీన్ వచ్చి లాప్‌టాప్ పెట్టాడు.

శిబిరానికి కన్వీనరు రాజమల్లయ్య సారు. సర్కారు బడి హెడ్మాస్టరు; సమ్మెలో ఉన్నా హాజరు తీసుకోకుండా ఉండలేని మనిషి. ఆయన కళ్ళద్దాలు పైకి జరిపాడు.

"గిదేందిరా?"

"నా పనిముట్టు సార్."

"నీకు పనున్నదా?"

చాప మీదివాళ్ళంతా నవ్వారు. మతీన్ నవ్వలేదు.

"ఉన్నది సార్. సింగపూర్ల మిషన్లు నిలవెడ్త."

"సింగపూర్ల? ఈడ గూసొనా?"

"ఔ సార్."

"మరి నువ్వు సమ్మె సింగపూర్ల జెయ్యాల్నా, సిద్దిపేటల జెయ్యాల్నా?" అని సారు నా వైపు తిరిగాడు. "వకీలమ్మా, చట్టం ఏమంటది?"

చట్టం అనేది చాలానే ఉంది. పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం సమ్మె అంటే కొందరు వ్యక్తుల సమూహం కూడబలుక్కొని పని మానడం. ఆ కంపెనీకి సిద్దిపేటలో ఉన్నది మతీన్ ఒక్కడే. ఒక్కడు మానితే అది సమ్మె కాదు, గైర్హాజరు. ఆ అభ్యంతరాన్ని సభ ముందు ఉంచాను.

"వచ్చెటోన్ని ఆపుతవా బిడ్డా, రానోన్ని తోల్కొస్తవా?" అన్నాడు సారు.

అభ్యంతరాన్ని వెనక్కి తీసుకోలేదు. నమోదు చేసి పక్కన పెట్టాను. మతీన్ లాప్‌టాప్ మీద చెయ్యి వేసి, "సమ్మె ఒడిసేదాక దీన్ని ముట్ట," అన్నాడు.

అతని చేత ఆ మాట అనిపించింది ఉద్యమమేనని రాయాలని నాకు గట్టిగా ఉంది. సగమే రాయగలను. మిగతా సగం మొదటి వరుసలో కూర్చొని ఉంది. దాని పేరు అర్ఫాత్. ఆర్టీసీ కండక్టరు. తండ్రి లేని ఇంటికి పెద్దకొడుకు. అతని చెల్లెలు సాయిమాను మతీన్‌కు ఇవ్వాలని రెండిళ్ళ మధ్య మాట అనుకున్నారు. మంగ్నీ, అంటే నిశ్చితార్థం, జరగాల్సి ఉంది. ఒక్కటే అడ్డు. "పిలగాడు మంచోడే, గని వాని పనేందో నాకు సమజైతలేదు," అని అర్ఫాత్ నెలల తరబడి నాన్చుతున్నాడు. ఆ రోజు మాత్రం లేచి వచ్చి మతీన్‌ను కౌగిలించుకున్నాడు.

"పనేందో ఇప్పటికీ సమజ్ గాలే. బందు వెట్టినవ్ గద, చాలు. ఇప్పుడైనవ్ మా ఇంటోనివి."

అర్ఫాత్ సామాన్యుడైన సమ్మెదారు కాడు. అతనికి ఒక గాథ ఉంది, దాన్ని శిబిరంలో రోజూ చెప్పేవాడు. ఆర్టీసీ సమ్మె మొదలైన ఘడియకు అతని బస్సు ఇంకా కరీంనగర్ దారిలో ఉంది. ఇక్కడే ఆపేద్దామన్నాడు డ్రైవరు. "ఎక్కిచ్చుకున్నోన్ని నడుమల దించితే అది సమ్మె గాదు, దగా," అని అర్ఫాత్ గర్జించాడు. అందర్నీ కరీంనగర్‌లో దింపి, ఖాళీ బస్సును డిపోలో పెట్టి, అప్పుడు సమ్మెలోకి దిగాడు. మొదటిసారి చెప్పినప్పుడు బస్సులో సగం సీట్లే నిండి ఉన్నాయి. తర్వాత టాపు మీదికి కూడా జనం ఎక్కారు. తర్వాత ఒక నిండు గర్భిణి, ఆ పైన వాన వచ్చి చేరాయి. కోర్టులో అయితే సాక్ష్యం ఇంతగా మారుతున్నందుకు నేను లేచి నిలబడేదాన్ని. గర్జన మాత్రం ఏ రోజూ మారలేదు గనుక కూర్చునే ఉన్నాను.

ఇప్పుడు జరిగినదాన్ని క్రమంలో చెబుతాను. ఆర్టీసీ ఆగింది. పది జిల్లాల జనం ప్రైవేటు బస్సు ఏదైనా దొరుకుతుందేమోనని ఒక్కసారిగా ఆ వెబ్‌సైటు మీద పడ్డారు. మతీన్ రాసిన నియమం జనాన్ని చూసింది. కొత్త మిషన్లను నిలబెట్టింది, అవసరానికి రెండు ఎక్కువే. జనం సాయంత్రానికి తగ్గారు. తీసివేయాల్సిన మనిషి లాప్‌టాప్‌ను చాప మీద పెట్టి, దాని పక్కనే సమ్మెలో కూర్చున్నాడు. మర్నాడు జనం మళ్ళీ వచ్చారు, మిషన్లు మళ్ళీ వచ్చాయి. మతీన్ ఎంత నిజాయితీగా పని మానితే అక్కడ పని అంతగా పెరిగింది.

ప్రైవేటు ట్రావెల్సు ఆఫీసులో గుమస్తా పర్శరాములు ఒకనాడు హోటల్లో చాయ్ తాగుతూ, పక్కన ఉన్న అర్ఫాత్‌తో మెచ్చుకోలుగా అన్నాడు. "గంత మంది ఒక్కపారి జొర్రవడ్డా ఆ సైటు ఒక్కతాప గూడ పండుకోలేదన్నా. మీ సాయిమాకు జూసిన పిలగాడు మస్తు పని జేస్తుండు."

అర్ఫాత్ చాయ్ సగంలో వదిలి శిబిరానికి వచ్చాడు.

"ముట్ట అన్నవ్! పదిమందిల అన్నవ్! పగలంత ఈడ గూసుంటవ్, ఇంటికి వొయి డ్యూటీ జేస్తవ్. నేను బస్సు బందు వెడితే నువ్వు పరాయి బస్సులకు టికెట్లు గొడ్తవారా?"

మతీన్ చాప మీది లాప్‌టాప్ వైపు చెయ్యి చూపాడు. "అల్లా కసమ్ భాయ్, నేను ముట్టలే. లాప్‌టాప్ ఈన్నే ఉన్నది. అవ్వే వస్తున్నయ్."

"ఏవి?"

"మిషన్లు."

"ఎవలు పిలుస్తే?"

"ఎవలు పిలువకున్నా వస్తయ్ భాయ్."

"పిలువకుండ డ్యూటీకి వచ్చేటోడు యాడుంటడురా? పదేండ్ల సంది డిపోల ఉన్న. పిలిచినా రానోల్లనే జూసిన!"

ఈ వాదనలోని బలాన్ని శిబిరం అంతా తలలూపి ఒప్పుకుంది. అర్ఫాత్ వేలు చూపించాడు. "రేపటి దినం ఈడ అందరి ముంగట రుజువు జెయ్యి. చెయ్యకుంటే మంగ్నీ లేదు, మాట లేదు. సమ్మె దొంగకు నా చెల్లెనియ్య."

రుజువు లాప్‌టాప్‌లో ఉంది. తెరిస్తే మతీన్ మాట తప్పినవాడవుతాడు. తెరవకపోతే తప్పలేదని తేలదు. నిర్దోషి తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకోవడానికి నేరం చేయాల్సిన ఇలాంటి స్థితిని పోలీసులు మాకు తరచుగా కల్పిస్తుంటారు. మాలో మేమే కల్పించుకోవడం చూసి నాకు ఒళ్ళు మండింది. ఇంటికి పోయి సాక్ష్య చట్టం తీశాను. తీయాల్సిన అవసరం లేదు, నూట ఒకటో సెక్షను నాకు కంఠస్థం. అయినా కోపంలో పుస్తకం చేతిలో ఉండడం మంచిది.

మర్నాడు సభలో లేచాను. "ఆరోపణ చేసినవారే దాన్ని రుజువు చేయాలి. ఇది చట్టం. మతీన్ కంప్యూటర్ ముట్టాడని ఆరోపించింది అర్ఫాత్ భాయ్. కనుక ఆ లాప్‌టాప్ తెరవాల్సింది అర్ఫాత్ భాయే. ఆయన కంప్యూటర్ ముట్టనని ఎవరికీ మాట ఇవ్వలేదు."

"నాకు కంపూటర్ రాదు గద వకీలమ్మా!"

"మతీన్‌కు నోరుంది. అతను చెబుతాడు, మీరు నొక్కుతారు."

రాజమల్లయ్య సారుకు ఇంకా అనుమానమే. "చెప్పుకుంట చెప్పుకుంట చెయ్యి వెడితే? పరీచ్చల్ల ఎందర్ని జూసిన నేను!"

దస్తగిర్ లేచి, శామియానా మూలకు చుట్టి ఉన్న తాడు తెచ్చాడు. కొడుకును కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు వెనక్కి కట్టాడు.

"అబ్బా, జర మెల్లగ."

"శామియానా ఎన్నడన్న మెల్లగ అన్నదారా? ఇది నా ముడి. గాలిదుమారానికే ఊడలే."

అర్ఫాత్ లాప్‌టాప్ ముందు కూర్చొని, డేటాకార్డు గుచ్చి, తెర వెలగగానే చేతులు తొడలకు తుడుచుకున్నాడు. "ఏమో అడుగుతుంది. పాస్‌వర్డట."

మతీన్ నేల చూశాడు.

"చెప్పురా!"

"ఎస్," అన్నాడు మతీన్. "ఏ. ఐ. ఎమ్..."

అర్ఫాత్ వేలు గాలిలో ఆగింది. చాప మీది జనానికి అతనికన్నా ముందే అర్థమై, ఎవరో దగ్గు నటించారు. అతను కొడుతున్నది తన చెల్లెలి పేరు. మిగిలిన ఒక్క అక్షరాన్నీ, అడగకుండానే, లాప్‌టాప్ అదిరేలా కొట్టాడు.

తెర మీద వరుసలు వచ్చాయి. ఒక్కో వరుస ఒక్కో మిషను. పక్కన పచ్చ చుక్క, రన్నింగ్ అన్న మాట. నాలుగు ఉండాల్సిన చోట తెర నిండిపోయి కిందికి జారుతోంది. అర్ఫాత్ అలవాటు కొద్దీ వేలితో తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సగంలో ఉండగానే చివర ఒక కొత్త వరుస పుట్టింది. పక్కన పెండింగ్ అని ఉంది. కొద్దిసేపటికి అది రన్నింగ్ అయింది, పచ్చ చుక్క వెలిగింది.

రాజమల్లయ్య సారు చప్పుడు లేకుండా కుర్చీ వెనక్కి వెళ్ళి, మతీన్ చేతులు తడిమి చూశాడు. ముడి ముడిలాగే ఉంది.

"ఇంకోడొచ్చిండు!" అన్నాడు అర్ఫాత్.

"నేను చెప్పలే భాయ్?"

అర్ఫాత్ లేచి జనం వైపు తిరిగాడు. అతనిలో ఎన్ని లోపాలున్నా తీర్పు దాచుకునే గుణం లేదు. "మతీన్ తప్పు లేదు. మాటంటే మాటే. సమ్మె దొంగలు వీళ్ళు!" అని తెర వైపు వేలు చూపి, మళ్ళీ కూర్చున్నాడు. "వీన్ని తీసుడెట్ల?"

"భాయ్, గట్ల తీస్తే..."

"నీ చేతులు గట్టినయ్, మాట్లాడకు."

"చేతులు గట్టిన్రు గని నోరు గట్టలే గద. ఇను జర..."

అర్ఫాత్ వినలేదు. టికెట్లు చింపిన వేళ్ళు దారి వెతుక్కున్నాయి. ఒక వరుస మీద నొక్కితే టెర్మినేట్ అన్న మాట కనిపించింది. దాన్ని నొక్కాడు. పచ్చ చుక్క ఆరిపోయింది. "జై తెలంగాణ!" అని శిబిరం అరిచింది. ఆ అరుపు ఇంకా గాలిలో ఉండగానే కింద కొత్త వరుస పుట్టింది. దాన్నీ తీశాడు. ఇంకోటి వచ్చింది. రెండు తీస్తే రెండు వచ్చాయి.

"ఇది మన రిలే దీక్ష లెక్కనే ఉన్నది," అన్నాడు సారు, కొంత గౌరవంతో. "ఒకడు లేస్తే ఇంకోడు గూసుంటుండు. వీళ్ళకు నిమ్మరసం ఎవలిస్తరో!"

"గదే చెప్తున్న సార్," అన్నాడు మతీన్. "ఇంతమంది ఉండాలె అని నియమంల లెక్కున్నది. ఒకడు వడిపోతే ఆ జాగల ఇంకోన్ని నిలవెడ్తది. ముందుగాల లెక్క తగ్గియ్యాలె."

అప్పుడు మతీన్ జేబులో ఫోను మోగింది. అతనికి చేతులు లేవు గనుక అర్ఫాత్ తీసి, అందరికీ వినిపించేలా పెట్టాడు. అవతల హైదరాబాదు కంపెనీ మేనేజరు వంశీ. అతనిది ఏ జిల్లా అని నేను అడగలేదు. అతని క్రియాపదాలే చెప్పాయి.

"మతీన్! మెషీన్లు ఎవరు చంపేస్తున్నారు? లోపల ఉన్నవాళ్ళంతా సగం బుకింగ్‌లో బయటపడిపోతున్నారు!"

"మేమే," అన్నాడు అర్ఫాత్. "సమ్మె."

"మీరెవరో గానీ, సమ్మె చేసుకోండి బాబూ, నేను కాదనడం లేదు! కానీ సమ్మె అంటే ఆపడం కదా? మతీన్ వీటిని ఆపకుండా వెళ్ళాడు! రోజుకు రోజు పెరిగిపోతున్నాయి. టికెట్లేమో అమ్ముడుపోవడం లేదు, మీ వైపు ప్రైవేటు బస్సులు కూడా సగం తిరగడం లేదు. జనం వచ్చి బస్సుందా అని చూసి పోతున్నారు, అంతే. అతను రాసిన నియమం ఇక్కడ ఎవరికీ అర్థం కాదు, ముట్టుకుంటే సైటు మొత్తం పోతుందేమోనని భయం. దయచేసి తగ్గించండి!"

యజమాని ఆపమంటున్నాడు, కార్మికుడు ఆపమంటున్నాడు, పని ఆగడం లేదు. ఇలాంటి పారిశ్రామిక వివాదం నేను చదివిన ఏ తీర్పులోనూ లేదు. కానీ అర్ఫాత్‌కు వంశీ మాటల్లో ఒక్కటే రుచించింది.

"బయట వడుతున్నరట! వడనియ్!" అని మళ్ళీ టెర్మినేట్ మీదికి వంగాడు.

"భాయిజాన్."

శామియానా అంచున సాయిమా నిలబడి ఉంది. అన్నకు రోజూ మధ్యాహ్నం టిఫిను తెచ్చేది ఆమే; ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. పాస్‌వర్డు వేళకే వచ్చిందని మతీన్ చెవుల రంగును బట్టి నేను నిర్ధారించాను.

"దినాం చెప్పే ముచ్చట ఇయ్యాల చెప్తలేవేంది?" అంది.

"ఏ ముచ్చట?"

"కరీంనగర్ ముచ్చట."

"ఇప్పుడెందుకే?"

"ఎక్కిచ్చుకున్నోన్ని నడుమల దించితే ఏమైతదంటివి?"

చాప మీదివాళ్ళే, రోజూ విన్న పాఠం గనుక, ఒక్క గొంతుతో అన్నారు. "సమ్మె గాదు, దగా!"

"మరి ఆ సైటుల ఎక్కి గూసున్నోల్లను సగం టికెట్ కాడ ఎందుకు నూకుతున్నవ్?"

"అది బస్సే!"

"ఇది బస్సు టికెటే గద."

ప్రతిపక్ష సాక్షిని ఇంతకన్నా చక్కగా ప్రశ్నించడం మా బార్‌లో నేను చూడలేదు. దస్తగిర్ దగ్గరికి వచ్చి అర్ఫాత్ భుజం మీద చెయ్యి వేశాడు. "బంతిల గూసున్నోన్ని లేపుతున్నవ్ బేటా. పగోడైనా తిని లెవ్వాలె. దర్వాజ ముయ్యి, కొత్తోల్లను రానియ్యకు. లోపలున్నోల్లను తిననియ్."

అర్ఫాత్ వేలును లాప్‌టాప్ మీది నుంచి తీసి, కాసేపు ఎక్కడ పెట్టాలో తెలియక ఒళ్ళో పెట్టుకున్నాడు. తర్వాత మతీన్ వైపు తిరిగాడు.

"చెప్పు. ఎట్ల జెయ్యాలె?"

ఒప్పందాన్ని నేను రాశాను, ఫోనులో వంశీకి చదివి వినిపించాను. సమ్మె ముగిసేదాకా తెలంగాణ బస్సుల టికెట్లు ఆ సైటులో ఉండవు. ఆ చోట ఒక ప్రకటన ఉంటుంది. ప్రకటన చూసి జనం వెనుదిరుగుతారు, కనుక అన్ని మిషన్ల అవసరమూ ఉండదు. మతీన్ మాట తప్పినట్టు కాదు, అతని ఉద్యోగానికి ఢోకా ఉండదు. ప్రతి షరతుకూ వంశీ ఎంత వేగంగా ఒప్పుకున్నాడంటే, ఇంకో రెండు షరతులు రాయనందుకు ఈనాటికీ బాధపడుతున్నాను.

ప్రకటనను అర్ఫాత్ చెప్పాడు. "బస్సుల్లేవు. సమ్మె నడుస్తున్నది. ఎవలు పరేషాన్ గావద్దు. రాష్ట్రం వచ్చినంక అందరం ఎక్కుదాం. అర్ఫాత్, కండక్టర్."

"చివర పేరు తీసేద్దామా?" అన్నాడు వంశీ.

"పేరు లేకుంటే అది ప్రకటన గాదు, పుకారు."

పేరు ఉండిపోయింది.

లెక్క తగ్గించే ఆదేశాన్ని మతీన్ ఒక్కొక్క అక్షరంగా చెబితే అర్ఫాత్ ఒక్కొక్క వేలితో కొట్టాడు. చివరి మీట దగ్గర దస్తగిర్ ఆపాడు.

"మేజ్బాన్ అనాలె. దావత్ ఎవలిది?"

అందరూ ఫోను వైపు చూశారు. దస్తగిర్ దానికి దగ్గరగా వంగాడు. "సార్, ఇగ విప్పుండ్రి అను."

"ఇక విప్పండి," అన్నాడు వంశీ.

"గట్ల గాదు సార్. ఇగ విప్పుండ్రి."

మన యాసను సినిమాల్లో రౌడీల నోటా, బంట్రోతుల నోటా పెట్టి యాభై ఏళ్ళు నవ్వుకున్న లోకం నాకు గుర్తుకొచ్చింది. పరీక్ష హాలులో కుర్రవాడిలాగా, వంశీ జాగ్రత్తగా అన్నాడు. "ఇగ... విప్పుండ్రి."

అర్ఫాత్ మీట నొక్కాడు. వరుసలు వెంటనే పోలేదు. లోపలివాళ్ళు పని ముగించుకొని పోతుండగా ఒక్కొక్క పచ్చ చుక్క ఆరుతూ వచ్చింది. "డిపోకు వోతుంది, డిపోకు వోతుంది, ఎక్కకుండ్రి," అని అర్ఫాత్ ప్రతి చుక్కకూ ఒకసారి కేక వేశాడు. కొత్తది ఒక్కటీ పుట్టలేదు. ప్రకటన చూపడానికి పాత నాలుగు మిగిలాయి; తక్కిన మిషన్లన్నీ కూడబలుక్కొని పని మానాయి, ఇప్పుడిది సమూహమే. సమ్మె నిర్వచనం మీద నేను నమోదు చేసిన అభ్యంతరాన్ని ఆ క్షణంలో ఉపసంహరించుకున్నాను. ఎవరూ గమనించలేదు.

"ఇగ నా తాడు విప్పుండ్రి," అన్నాడు మతీన్.

దస్తగిర్ అర్ఫాత్ వైపు చూశాడు. "నీ మీద ఆరోపణ వెట్టింది ఆయిన. ఆయిన అనాలె."

అర్ఫాత్ చెల్లెలి చేతిలోని టిఫిను తీసుకొని, మూత తీసి, రొట్టె తుంచి, కూరలో అద్ది, చేతులు కట్టి ఉన్న మతీన్ నోట్లో పెట్టాడు.

"బంతిల గూసున్నోన్ని లేపద్దంటివి గద చాచా. తిననియ్. తిన్నంక విప్పుదాం."

మతీన్ నిండిన నోటితోనే అడిగాడు. "మంగ్నీ ఎప్పుడు భాయ్?"

"బస్సులు తిరిగినంక. మా డిపోల బస్సే మాట్లాడుత." ఇంకో ముక్క తుంచాడు. "పాస్‌వర్డ్ మార్చుకో ముందుగాల."

"ఎందుకు?" అంది సాయిమా, శామియానా అంచు నుంచి.

దస్తగిర్ మాట మార్చాడు.

"మీ దిక్కు నుంచి ఎంతమందొస్తరు బేటా?"

"యాభై మంది చాచా. ఒక్కరు ఎక్కువ గారు."

దస్తగిర్ సరేనని తలూపాడు. నమ్మలేదు.